చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఏ పార్టు మార్చాలి?

డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో పసుపు లైటు వెలగగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఏం పోయింది, ఏ పార్టు మార్చాలి? షెడ్డులో స్కానరు తగిలిస్తే తెర మీద ఒక కోడు, దాని పక్కన ఒక పార్టు పేరు కనిపిస్తాయి. పేరు కనిపించింది కాబట్టి ఆ పార్టే పోయిందనుకుంటారు. దాన్ని కొని బిగిస్తారు, కోడు చెరిపేస్తారు, లైటు ఆరిపోతుంది. నాలుగు రోజులకు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు రెండో పార్టు, ఆ తర్వాత మూడోది. విప్పిన పాత పార్టులు డిక్కీలో పోగుపడతాయి. వాటిలో చాలావరకు నిక్షేపంగా పనిచేసేవే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ కోడును ఎవరు రాస్తారో, ఏం చూసి రాస్తారో తెలియాలి.

పొగ కోసం పెట్టిన లైటు

ఈ లైటు చరిత్ర లాస్ ఏంజెలెస్ గాలితో మొదలవుతుంది. ఆ నగరాన్ని కమ్ముకుని కళ్లు మండించే పొగమంచుకు మోటారు వాహనాలు ముఖ్య కారణమని కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త అరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రం గాలి నాణ్యత కోసమే ఒక బోర్డు ఏర్పాటు చేసింది. దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. పొగ తగ్గించే పరికరాలు కొత్త కారులో ఎంత బాగా పనిచేసినా, నాలుగేళ్లు తిరిగాక వాటిలో ఏదో ఒకటి పాడవుతుంది. కారు మామూలుగానే నడుస్తుంది కాబట్టి యజమానికి తెలియదు. కారు తన పొగను తానే కనిపెట్టుకుని, తేడా వస్తే లైటు వెలిగించి చెప్పాలని 1988 మోడళ్ల నుంచి ఆ బోర్డు నిబంధన పెట్టింది.

మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్టు, ఒక్కో భాష. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ 16 పిన్నుల ఒకే సాకెట్టు, ఒకే రకం కోడులు తప్పనిసరి అయ్యాయి. ఓబీడీ-2 అంటే అదే. ఐరోపా పెట్రోలు కార్లకు ఇది 2001లో వచ్చింది. మన దేశంలో కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వర్తించింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పుడు బైకులు, స్కూటర్లు కూడా తమను తాము పరీక్షించుకోవడం మొదలుపెట్టాయి.

గాలి కోసం పుట్టిన లైటు కాబట్టి దాని చూపంతా బండి గాలిలో కలిపేవాటి మీదే ఉంటుంది. అమెరికాలో పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా ఈ లైటు వెలుగుతుంది, ఆవిరి గాలిలో కలుస్తుందని. అదే ఇంజన్‌లో టైమింగ్ బెల్టు పీలికలై తెగడానికి సిద్ధంగా ఉన్నా, ఇంజన్ ఆయిలు నల్లని జిగురైనా వెలగదు. లైటు లేదు కాబట్టి ఇంజన్ బాగుందనుకోవడం, లైటు ఉంది కాబట్టి ఇంజన్ పోయిందనుకోవడం రెండూ పొరపాటే. ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. లైటు నిలకడగా కాక ఆగి ఆగి వెలుగుతుంటే ఏదో సిలిండరులో పెట్రోలు మండకుండా బయటికి పోతోందని అర్థం. ఆ పెట్రోలు పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని కరిగించేస్తుంది. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయాలి.

కోడులో ఉన్నది, లేనిది

పి0302 అన్న కోడు తీసుకుందాం. మొదటి అక్షరం పి అంటే ఇంజన్, గేర్‌బాక్సులకు సంబంధించినది. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగు వైపు, యు అయితే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోవడం. తర్వాతి 0 అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడని చెబుతుంది. అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడు, అర్థం వాళ్ల మాన్యువల్‌లోనే దొరుకుతుంది. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలి, ఇంధనం కొలతలు, 3 అయితే మంట అంటుకోవడంలో లోపం, 4 అయితే పొగ తగ్గించే పరికరాలు, 7 అయితే గేర్‌బాక్సు. చివరి రెండంకెలు అసలు విషయం: రెండో సిలిండరులో మిస్సింగ్.

కోడును పోలీస్ స్టేషన్‌లో రాసే ఎఫ్ఐఆర్‌లా చూడాలి. ఎవరో వచ్చి ఫలానా చోట ఫలానాది జరిగిందని చెబితే రాసుకుంటారు. నేరం ఎవరు చేశారో అందులో ఉండదు. ఫిర్యాదు ఇచ్చినవాడి పేరు మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఇంజన్ కంప్యూటరు దగ్గర ఫిర్యాదు ఇచ్చేవి సెన్సర్లు. పేరు కనిపించింది కదా అని సెన్సరును మార్చేయడమంటే ఫిర్యాదుదారునే లాకప్‌లో వేయడం.

ఫిర్యాదుతో పాటు కంప్యూటరు ఇంకో కాగితం కూడా భద్రపరుస్తుంది. కోడు పడిన క్షణంలో ఇంజన్ వేగం ఎంత, వేడి ఎంత, బండి ఎంత వేగంతో పోతోంది, ఎంత బరువు లాగుతోంది అన్న లెక్కలవి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడు చెరిపితే ఇదీ పోతుంది. స్కానరు తగిలించగానే ‘క్లియర్’ నొక్కే అలవాటు ఉన్న చోట రోగనిర్ధారణ సగం అక్కడే ముగిసిపోతుంది.

చాలా లోపాలకు కంప్యూటరు వెంటనే లైటు వేయదు. మొదటిసారి కనిపించినప్పుడు అనుమానంగా రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది. ఈ అనుమానపు కోడులను కూడా స్కానరు చూపిస్తుంది.

ఐదు వోల్టుల నుంచి కారణం దాకా

కంప్యూటరుకు కళ్లూ చెవులూ లేవు, వోల్టులే తెలుసు. చాలా సెన్సర్లకు అది 5 వోల్టులు పంపి, తిరిగి ఎన్ని వోల్టులు వచ్చాయో చూస్తుంది. వచ్చే జవాబు మామూలుగా అరవోల్టుకూ నాలుగున్నర వోల్టులకూ మధ్య ఉంటుంది. సున్నాకో ఐదుకో అతుక్కుపోతే వైరు తెగిందనో, ఎర్త్‌కు తగిలిందనో అనుకుంటుంది. ఒకే 5 వోల్టుల తీగ నాలుగైదు సెన్సర్లకు వెళ్లే బండ్లలో ఒక్క సెన్సరు లోపల షార్టయితే అన్నిటి మీదా కోడులు పడతాయి. ఒకేసారి అన్ని సెన్సర్లు చావవు. అలా కోడుల వరద కనిపించినప్పుడు ముందు చూడాల్సినవి ఆ ఉమ్మడి తీగ, బ్యాటరీ, ఎర్త్ వైరు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12.6 వోల్టుల దాకా ఉండాలి, నడుస్తున్నప్పుడు 14 చుట్టుపక్కల. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడిపోతుంటే మిగతా కోడులను పట్టించుకోవడం దండగ.

కూలెంటు వేడిని కొలిచే సెన్సరు అన్నిటికన్నా సులువైన ఉదాహరణ. వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చల్లని ఇంజన్‌లో రెండు మూడు వేల ఓములుండేది వేడి ఇంజన్‌లో రెండు మూడు వందలకు దిగుతుంది. పి0118 పడి, స్కానరులో కూలెంటు వేడి మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తే తెలుగు నేల మీద అది జరిగే పని కాదు. తీగ ఎక్కడో తెగింది, లేదా సెన్సరు లోపల తెగింది. ఏది తెగిందో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. సెన్సరు ప్లగ్గు ఊడదీసి, ఆ ప్లగ్గులోని రెండు పిన్నులను ఒక చిన్న తీగతో కలపాలి. స్కానరులో అంకె ఒక్కసారిగా వంద దాటి ఎగిరితే వైరింగూ కంప్యూటరూ బాగున్నట్టు, తప్పు సెన్సరుదే. అంకె కదలకపోతే కొత్త సెన్సరు కొనడం వృథా. ఎలుకలు కొరికిన తీగ కోసం వెతకాలి. వీధిలో నిలిపే కార్లలో ఎలుకలు చేసే నష్టం ఏ కోడుల పుస్తకంలోనూ విడిగా ఉండదు గానీ షెడ్లలో రోజూ కనిపించేదే.

అదే కుటుంబానికి చెందిన ఇంకో కోడు పి0128. ఇంజన్ చేరాల్సిన వేడిని చేరడం లేదని దాని ఫిర్యాదు. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని దాన్ని పీకి పారేసే పాత అలవాటు కార్బురేటరు రోజుల నుంచి ఉంది. అప్పుడు చెల్లింది. ఇప్పటి కంప్యూటరు ఇంజన్ చల్లగా ఉందనుకున్నంతసేపూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిలు పలచబడుతుంది. ఇక్కడ మార్చాల్సింది ఏదీ లేదు, లేనిదాన్ని తిరిగి పెట్టాలి.

మిస్సింగ్ కోడు సంగతి ఇంకా ఆసక్తికరం. సిలిండరులో మంట అంటుకుందో లేదో చూసే కన్ను లోపల లేదు. క్రాంక్ షాఫ్ట్‌కు అమర్చిన పళ్ల చక్రాన్ని ఒక సెన్సరు చూస్తూ ఉంటుంది. చాలా ఇంజన్లలో ఆ చక్రం మీద 60 పళ్లకు చోటుంటుంది, 2 తీసేసి 58 ఉంచుతారు. ఆ ఖాళీయే తిరుగుడుకు మొదలు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకూ ఒక సిలిండరు క్రాంకును ముందుకు తోస్తుంది. ఆ తోపు పడాల్సిన చోట పళ్లు రవ్వంత ఆలస్యంగా దాటితే ఏ సిలిండరు ఎగ్గొట్టిందో కంప్యూటరు లెక్కగడుతుంది. గుంతల రోడ్డు మీద చక్రాలు ఎగిరినప్పుడూ క్రాంకు వేగం తడబడుతుంది. అందుకే కొన్ని బండ్లలో ఏబీఎస్ చక్రాల సెన్సర్ల మాట కూడా విని, అది రోడ్డు తప్పా ఇంజన్ తప్పా అని తేల్చుకుంటారు.

పి0302 పడితే కొనడం కన్నా మార్పిడి మేలు. రెండో సిలిండరు ఇగ్నిషన్ కాయిల్‌ను మూడోదానికీ, మూడోదాని కాయిల్‌ను రెండోదానికీ పెట్టి, కోడు చెరిపి, ఒక చుట్టు తిరిగి రావాలి. కోడు పి0303గా మారితే కాయిల్‌తో పాటు తప్పు కూడా కదిలింది, కాయిల్ దోషి. అక్కడే ఉండిపోతే స్పార్క్ ప్లగ్‌లను, ఆపైన వీలుంటే ఇంజెక్టర్లను ఇదే తీరులో మార్చి చూడాలి. ఇవేవీ కదిలించలేకపోతే ఇక సిలిండరులో బిగువు ఎంతుందో కంప్రెషన్ గేజీతో కొలవాలి. తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఆయిలు రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది కాబట్టి అంకె పెరిగితే రింగులో బోరో అరిగింది. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఒకే కోడు కింద ప్లగ్గు నుంచి పూర్తి ఇంజన్ పని దాకా ఏదైనా ఉండొచ్చు.

పి0171 మీద ఖర్చయినంత డబ్బు మరే కోడు మీదా వృథాగా ఖర్చయి ఉండదనిపిస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మిగిలిన ఆక్సిజన్‌ను చూసి పాళ్లు కుదిరాయో లేదో చెబుతుంది. కంప్యూటరు దాని మాట విని పెట్రోలును ఇంత శాతం పెంచుతూ, ఇంత శాతం తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అటూ ఇటూ పది శాతంలోపు మామూలే. పెంచి పెంచి పాతిక శాతం దరిదాపుల్లోకి వచ్చినా సరిపోకపోతే కోడు రాస్తుంది. స్కానరులో ఆక్సిజన్ సెన్సరు ప్రస్తావన కనబడగానే దాన్ని మార్చేస్తారు. పాపం, ఉన్నమాట చెప్పినందుకు!

నిజంగా ఎక్కడ తప్పుందో ఆ ట్రిమ్ అంకెలే చెబుతాయి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు సవరణ పెద్దదిగా ఉండి, 2,500 తిరుగుళ్లకు పెంచగానే తగ్గిపోతే ఎక్కడో గొట్టం పగిలి గాలి దొంగతనంగా దూరుతోంది. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త దొంగగాలి పెద్ద తేడా తెస్తుంది. వేగం పెరిగాక అది లెక్కలోకి రాదు. అలాకాక బండి బరువు లాగేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ సవరణ పెరిగిపోతుంటే పెట్రోలు చాలినంత అందడం లేదు: పంపు నీరసించింది, ఫిల్టరు పూడుకుపోయింది, లేదా గాలిని తూచే ఎయిర్ ఫ్లో సెన్సరు మీద దుమ్ము పట్టింది. మన చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్ ఫ్లో సెన్సరు ఉండదు, మానిఫోల్డులోని పీడనం నుంచి గాలిని లెక్కగడతాయి. వాటిలో గొట్టం పగిలితే ఈ కోడుకన్నా ముందు ఐడిలింగ్ పెరిగిపోవడం కనిపిస్తుంది.

పి0420 పడితే కన్వర్టరు పని తగ్గిందని. కన్వర్టరుకు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. ముందుదాని వోల్టేజీ ఊగుతూ ఉండాలి, వెనకదానిది నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానితో కలిసి ఊగితే ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి కన్వర్టరులో పోయినట్టు. కానీ కన్వర్టరు తనంతట తాను చావడం అరుదు. మిస్సింగ్ వల్ల కరుగుతుంది, ఇంజన్ తాగే ఆయిలులోని ఫాస్ఫరస్ వల్ల పూత మూసుకుపోతుంది. పాత కాలపు పెట్రోలులోని సీసమూ దాన్ని చంపేది. 1995లో మన దేశంలోని నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేసినప్పుడే అక్కడ సీసం లేని పెట్రోలు తెచ్చింది అందుకే. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలుండే ఈ పార్టు ఖరీదు చూసి గుండె గుభేలుమంటుంది. ఆయిలు తాగే ఇంజన్‌కు కొత్త కన్వర్టరు పెడితే అదీ ఆ దారినే పోతుంది.

పి0016 మరో చిత్రం. క్రాంక్ షాఫ్ట్, క్యామ్ షాఫ్ట్ ఒకదానితో ఒకటి కుదరడం లేదన్నది ఫిర్యాదు. చాలాసార్లు సెన్సర్లు రెండూ బాగానే ఉంటాయి. వాటి మధ్య టైమింగ్ చైను లింకులు అరిగి, సాగినంత పనై, క్యామ్ కొన్ని డిగ్రీలు వెనకబడుతుంది. అలాంటప్పుడు చైనొక్కటే మార్చి పాత టెన్షనరు, గైడులు ఉంచడం కూడా సగం పనే.

పార్టు కొనేటప్పుడు

దోషి తేలాక వచ్చే ప్రశ్న ఏ డబ్బాలోది కొనాలన్నది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఒకే పార్టుకు మూడు నాలుగు ధరలు వినిపిస్తాయి. కారు కంపెనీ పేరున్న డబ్బా ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేది రెండోది, చాలాసార్లు లోపలి వస్తువు ఒకటే, ధర తక్కువ. వేరే తయారీదారుల లోకల్ సరుకు మూడోది, దానిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. పేరు దొంగిలించిన డూప్లికేట్ నాలుగోది. ఫిల్టర్లు, ప్లగ్గులు, బేరింగుల్లో ఇది ఎక్కువ. మోడలు పేరు చెప్పి పార్టు అడగడం కన్నా 17 అక్షరాల చాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు తెలుసుకోవడం మంచిది. ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో కనిపించి ‘నేషనల్ ఇంజన్’ అనిపించుకుంది. ఇంజన్ ఒకటే అయినా బండికీ బండికీ, సంవత్సరానికీ సంవత్సరానికీ కొన్ని పార్టులు కలవవు.

ఇంజన్ లోపలి పార్టులకు కొలతలే ప్రాణం. బోరు అరిగితే లేత్ పనివాళ్లు రీబోరు చేసి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. రింగులూ అదే సైజువి కావాలి. క్రాంకు బేరింగులు మిల్లీమీటరులో వెయ్యోవంతుల తేడాతో రంగు గుర్తులు వేసి వస్తాయి. బ్లాకు మీద, క్రాంకు మీద చెక్కిన గుర్తులు చూసి రంగు ఎంచుకోవాలి. చాలా డీజిల్ ఇంజన్లలో హెడ్ గ్యాస్కెట్ అంచున చిన్న గాట్లో రంధ్రాలో ఉంటాయి, అవి దాని మందాన్ని చెబుతాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకు వస్తోందో కొలిచి ఆ మందం తీసుకోవాలి. ‘ఇదే సైజు, పట్టేస్తుంది’ అన్న మాటను ఇక్కడ నమ్మకూడదు. బిగించేటప్పుడు సాగేలా తయారుచేసిన హెడ్ బోల్టులను రెండోసారి వాడకూడదు. అవి అప్పటికే ఒకసారి సాగాయి.

సెకండ్ హ్యాండ్ పార్టుల్లో ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు వంటివి పరీక్షించి కొనుక్కోవచ్చు. సెన్సర్లు, టైమింగ్ బెల్టు, టెన్షనరు పాతవి కొనడం మాత్రం ఆదా కాదు. ఇంజన్ కంప్యూటరును మరో బండి నుంచి తెస్తే తాళంచెవిని గుర్తుపట్టక స్టార్టే కాకపోవచ్చు.

బిగించాక

కొన్ని పార్టులను బిగించడంతో పని అయిపోదు, కంప్యూటరుకు పరిచయం చేయాలి. కామన్ రైల్ డీజిల్‌లో ఇంజెక్టర్లు 1,600 బార్ల పైబడిన పీడనంతో డీజిల్‌ను చిమ్ముతాయి. ఎంత శ్రద్ధగా తయారుచేసినా ఏ రెండూ అచ్చంగా ఒకే కొలతలో చిమ్మవు. అందుకే ఫ్యాక్టరీలోనే ఒక్కోదాన్ని పరీక్షించి, దాని తేడాను ఒక కోడుగా దాని నెత్తిన ముద్రిస్తారు. కొత్తది పెట్టినప్పుడు ఆ అక్షరాలను స్కానరుతో కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే పాత ఇంజెక్టరు లెక్కతోనే నడుపుతుంది. చప్పుడు, నల్లపొగ, కుదుపు వస్తాయి, కొత్త పార్టు కూడా పనికిరానిదన్న నింద పడుతుంది. థ్రాటిల్ బాడీని మార్చినా, శుభ్రం చేసినా కొన్ని బండ్లలో ఐడిలింగ్‌ను మళ్లీ నేర్పించాలి.

కోడు చెరిపినప్పుడు, బ్యాటరీ తీగ తీసినప్పుడు కంప్యూటరు తన స్వయం పరీక్షల ఫలితాలను కూడా మరచిపోతుంది. లైటు ఆరి ఉన్నంత మాత్రాన రిపేరు కుదిరినట్టు కాదు, ఇంకా పరీక్షించలేదని అర్థం. స్కానరులో ‘మానిటర్లు’ అన్న చోట ఒక్కో పరీక్ష పూర్తయిందో లేదో కనిపిస్తుంది. అవి పూర్తి కావాలంటే చల్లని ఇంజన్ స్టార్టు చేయడం, కాసేపు ఐడిలింగ్‌లో ఉంచడం, కొన్ని నిమిషాలు నిలకడైన వేగంతో నడపడం, యాక్సిలరేటరు వదిలి దొర్లనివ్వడం అన్నీ జరగాలి. ఊరి ట్రాఫిక్‌లో రోజుల తరబడి నడిపినా కొన్ని పూర్తికావు. హైవే మీద ఒక్క గంట నడిపితే చాలావరకు పూర్తవుతాయి. పరీక్షలన్నీ పూర్తయి, అనుమానపు కోడు కూడా లేకపోతే రిపేరు నిలిచినట్టు.

చెరపకుండా వదిలేసినా పద్ధతి ఉంది. లోపం నిజంగా పోతే, తేడా కనిపించని మూడు వరస ప్రయాణాల తర్వాత లైటు తనంతట తానే ఆరుతుంది. ఇంజన్ 40 సార్లు చల్లబడి మళ్లీ వేడెక్కేసరికి కోడు కూడా జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అమెరికాలో 2010 నుంచి వచ్చిన కార్లలో శాశ్వత కోడులన్నవి చేరాయి. పొగ పరీక్షకు వెళ్లే ముందు బ్యాటరీ తీగ తీసి లైటు ఆర్పే చిట్కాకు అవి విరుగుడు. వాటిని ఏ స్కానరూ చెరపలేదు. కంప్యూటరు ఆ పరీక్షను తానే మళ్లీ నడిపి, లోపం లేదని తేల్చుకున్నాకే తీసేస్తుంది.